మా మేనత్త చూసిన అడవి

పోయిన నెల ఒక మంగళవారం, డోర్నకల్ స్టేషన్లో పనిచేసే మా ఆయన డ్యూటీ మధ్యలో ఇంటికి వచ్చాడు. ఆ వేళకు ఎప్పుడూ రాడు. గడపలోనే నిలబడి, "వరంగల్ నుంచి రైల్వే ఫోన్ల చెప్పిండ్రు. అత్తమ్మ పోయిందంట, పొద్దున," అన్నాడు. నేను స్టవ్ ఆపి, ఏం చేయాలో తోచక నా అరచేతులు వాసన చూసుకున్నాను. ఉల్లిగడ్డ వాసన. ఆమె చేతులకు ఏ రోజూ వంటింటి వాసన ఉండేది కాదు. శొంఠి, వస, కరక్కాయ, ఇంకా నాకు పేరు తెలియని బెరళ్ల వాసన ఉండేది. ఆ చేతులు ఇక లేవని అప్పుడు అర్థమై ఏడ్చాను.

మధ్యాహ్నం బండికి వరంగల్ చేరాం. మా నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయనకు అక్క, నాకు మేనత్త. అరవై తొమ్మిదేళ్లు నిండాయి. ముందురోజు సాయంత్రం దాకా దుకాణంలో కూర్చుందట. పొద్దున లేచి, వేడినీళ్లు తాగి, జర నడుం వాలుస్తానని పడుకుని మళ్లీ లేవలేదట. ఎవరికీ ఒక్క పూట చాకిరీ పెట్టలేదని వచ్చినవాళ్లంతా చెప్పుకుంటున్నారు. ఆమె బతికి ఉంటే ఆ మాటకు సంతోషించేదే. ఒకరి చేత మంచినీళ్లు తెప్పించుకోవడం కూడా ఆమెకు నామోషీగా ఉండేది.

ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్లు నేను పెరిగే నాటికే ఎవరూ మిగలలేదు. కాబట్టి నేనూ పేరు రాయను. బజారు మొత్తానికి ఆమె "వేర్ల దుకాణం అత్తమ్మ". వరంగల్ చౌరస్తా వెనక సందులో, రెండు బట్టల దుకాణాల మధ్య ఇరుక్కుని ఒక చిన్న మడిగె ఉండేది. అందులో అడవి నుంచి వచ్చే వేర్లు, బెరళ్లు, గింజలు, జిగురు, తేనె అమ్మేది. దుకాణం పెట్టింది ఆమె భర్త, మా మామయ్య. పెళ్లయిన ఆరేళ్లకు ఆయన పోయాడు. పిల్లలు లేరు. మా నాయన ఆమెను ఇంటికి తెచ్చుకున్నాడు. ఇక ఇంటి పట్టున ఉండి వత్తులు చేసుకుంటుందని అందరూ అనుకున్నారట. రెండు నెలలు వత్తులు చేసి, మూడో నెల దుకాణం తాళంచెవి అడిగిందట. వత్తులు సరిగ్గా రావడం లేదని కారణం చెప్పిందట.

చిన్నప్పుడు బడి నుంచి నేను నేరుగా ఆ దుకాణానికే పోయేదాన్ని. ఆమె కళ్లకు నా రిబ్బన్ కట్టి, ఒక్కో డబ్బాలోంచి చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టేదాన్ని. "తానికాయ. సుగంధిపాల. గిది నీ పెన్సిల్ చెక్కిన పొట్టు, దొంగదాన," అనేది. ఒక్కటి కూడా తప్పేది కాదు. వచ్చినవాళ్లకు పాత పేపరు పొట్లం కట్టేటప్పుడు చేతులు ఒక పక్క, మాట ఒక పక్క నడిచేవి. "రెండు పూటల్ల గుణం రాకపోతే మల్ల నా కాడికి రావద్దు. దవాఖానకు పో. నేను డాక్టర్ను గాదు, దుకాణపుదాన్ని." ఈ పదేళ్లలో ఈ మాట చెప్పకుండా ఆమె పొట్లం చేతికివ్వడం నేను చూడలేదు. కానీ ఈ మాట ఆమెకు మొదటి నుంచీ లేదు. అది ఎలా వచ్చిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా బజారులో ఒక మర్యాద ఉంది. ఏళ్ల తరబడి సరుకు తెచ్చే మనిషి ఎదురుగా ఆ సరుకును కొరికి చూడరు. చూస్తే నిన్ను నమ్మడం లేదని మొహాన చెప్పినట్టే. కొత్తవాడి సరుకు కొరుకుతారు, నలుపుతారు, నీళ్లలో వేస్తారు. పాతవాడికి మాత్రం చాయ్ తెప్పించి, పిల్లల క్షేమం అడిగి, మూట లోపల పెట్టిస్తారు. మా అత్తమ్మకు ములుగు వైపు నుంచి బెరళ్లు తెచ్చే పెద్దమనిషి అలాంటి పాతవాడు. ఇరవై ఏళ్లు తెచ్చాడు. ఆయన పోయాక ఆయన తమ్ముడి కొడుకు తేవడం మొదలుపెట్టాడు. పెద్దాయనకు చేసిన మర్యాదే మా అత్తమ్మ అతనికీ చేసింది. అతని ముందు కొరికితే పోయిన మనిషిని అవమానించినట్టు అవుతుందని అనుకుంది.

నేను డిగ్రీ చదువుతున్న ఒక వానాకాలంలో మా వెనక గల్లీలో బీడీలు చుట్టే ఒకామె, మూడేళ్ల కూతురికి రక్త విరేచనాలు అవుతున్నాయని వచ్చింది. మా అత్తమ్మ ఎప్పటిలాగే కొడిశపాల బెరడు ఇచ్చి, కషాయం ఎలా కాచాలో చెప్పింది. ఆ బెరడు మా దుకాణానికి పేరు తెచ్చిన సరుకు. వానాకాలం వస్తే దాని కోసమే జనం వచ్చేవాళ్లు. రెండు రోజులు తాగించినా ఆ పిల్లకు తగ్గలేదు. మూడో రోజు కళ్లు తేలేస్తే దవాఖానకు ఎత్తుకుపోయి సెలైన్ ఎక్కించారు. నాలుగు రోజులకు పిల్ల కోలుకుంది. తల్లి వచ్చి ఒక్క మాట అనలేదు. దుకాణం ముందు నుంచి పోయేటప్పుడు మొహం అటు తిప్పుకుని పోయేది, అంతే.

తిట్టి ఉంటే మా అత్తమ్మ తట్టుకునేది. ఆ రోజు దుకాణం మూశాక మూట విప్పి, బెరడు ముక్కలు ఒక్కొక్కటే కొరికి చూసింది. కొన్ని విషమంత చేదు. కొన్ని చప్పగా ఉన్నాయి. చప్పగా ఉన్నవి పాతబడ్డవా, లేక వేరే చెట్టువా? ఆమెకు తెలియలేదు. తెచ్చినవాణ్ణి పిలిచి అడిగితే, అతను నిజాయితీగానే, "నాకు తెల్వదత్తమ్మా, ఊళ్లల్ల ఇచ్చింది నేను తెస్తాన్న," అన్నాడు. మూట కట్టేసి అటక మీద పెట్టించింది. వచ్చినవాళ్లకు లేదని చెప్పడం మొదలుపెట్టింది. ఒకటి మీద అనుమానం వస్తే అన్నిటి మీదా వస్తుంది కదా. కరక్కాయ అడిగినా రెండుసార్లు వాసన చూసి ఇచ్చేది.

మా నాయన ఒకరోజు అన్నం దగ్గర మెల్లగా అన్నాడు. "ఇగ సాలక్కా. మడిగె కిరాయికిద్దాం. పక్క బట్టల దుకాణమాయన అడుగుతాండు."

ఆమె కంచం పక్కకు జరిపింది. "ఉగాది దాక ఆగు," అంది. "నేనిచ్చింది మందో కాదో నాకు తెల్వాలె. తెల్వకపోతే నేనే తాళమేసి నీ చేతిల పెడత."

అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం, బోటనీ. డెబ్బైల చివరి రోజులు. ఫిబ్రవరిలో మా మేడం మమ్మల్ని ఏటూరునాగారం అడవికి, గోదావరి ఒడ్డున ఒక పూట నడవడానికి తీసుకుపోతానంది. ఆడపిల్లల వెంట ఇళ్లలోంచి ఇద్దరు పెద్ద ఆడమనుషులు రావాలని కాలేజీ షరతు పెట్టింది. ఏ ఇంట్లో అడిగినా అందరికీ పనులే. మా ఇంట్లో మాత్రం నేను మాట పూర్తి చేయకముందే, "నేనొస్త," అంది మా అత్తమ్మ. అప్పటికి ఆమెకు అరవై దగ్గర పడుతున్నాయి. ముప్పై అయిదేళ్లుగా అడవి సరుకు అమ్ముతోంది. అడవి మాత్రం ఎన్నడూ చూడలేదు. "కోడలు పిల్లకు తోడుగ పోతాన్న," అని మా నాయనతో చెప్పింది. నాతో వేరే చెప్పింది. "నీకు చెట్లు తెల్సు గద. నాకు కొడిశపాల చెట్టును సూపెట్టు. ఇగ నేనే కొరికి సూస్త."

తెలుసన్నాను. చెట్ల గురించి నాకు తెలిసినదంతా రికార్డు బుక్కులో గీసిన బొమ్మలు, అట్టలకు అతికించిన ఎండుటాకులు. మార్కులు బాగా వచ్చేవి కాబట్టి అదే జ్ఞానం అనుకునేదాన్ని.

తెల్లవారకముందే బస్సు కదిలింది. పాలంపేట మలుపు దాటాక వరిపొలాలు పలచబడి, రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు మొదలయ్యాయి. మా అత్తమ్మ కిటికీ కడ్డీ వదలలేదు. ఆమె కొంగుకు రెండు ముడులు. ఒక ముడిలో చేదు బెరడు, ఒక ముడిలో చప్ప బెరడు. ఒళ్లో సర్వపిండి రొట్టెల డబ్బా. అమ్మాయిలు పాటలు పాడుతుంటే ఆమె పెదాలు మాత్రం కదిలేవి. పాట తెలియక కాదు, బయటికి పాడితే పెద్దరికం పోతుందని.

గోదావరి ఆ నెలలో ఇసుక ఎక్కువ, నీళ్లు తక్కువ. ఒడ్డు పొడుగునా మద్దిచెట్లు, వాటి వెనక వెదురు, ఆ లోపల నాకు బొమ్మల్లో తప్ప తెలియని అడవి. చల్లగా ఉంది. ఏదో పిట్ట ఒకే మాట పదే పదే అడుగుతోంది. మేడం ముందు, పిల్లలు వెనక, అందరి వెనక మేమిద్దరం. షరతు ప్రకారం రావలసిన రెండో పెద్దావిడకు మోకాళ్ల నొప్పులు. బస్సులోనే ఉండిపోయింది.

మా అత్తమ్మ ప్రతి చెట్టు దగ్గరా ఆగేది. ఏమిటిదని అడిగేది. నేను లాటిన్ పేరు చెప్పేదాన్ని. "గది నీ మేడంకు చెప్పు. నాకు దుకాణం పేరు చెప్పు," అనేది. ఒకచోట పెద్ద చెట్టు. నేలంతా ఎండుకాయలు రాలి ఉన్నాయి. కరక్కాయ చెట్టన్నాను. ఆమె వంగి ఒక కాయ తీసి, వాసన చూసి, తల పైకెత్తి చెట్టును కింది నుంచి పైదాకా చూసింది. మాను మీద అరచెయ్యి ఆనించింది.

"ఇంత పెద్దదానివా," అంది. "ఇన్నేండ్ల సంది నీ కాయలమ్ముకొని బువ్వ తింటాన్న. ఒక్కనాడు వచ్చి పలకరియ్యలె."

నాకు నవ్వొచ్చింది. కానీ నవ్వలేకపోయాను. దూరపు చుట్టం ఇంటికి ఆలస్యంగా వచ్చినదానిలా, ఆమె నిజంగానే సిగ్గుపడుతోంది.

అలా తానికాయను, నేలవేమును, జిగురు కారుతున్న తుమ్మను పలకరించుకుంటూ పోతుంటే, దారి పక్కన ఒక నడిమి సైజు చెట్టు కనిపించింది. ఆకులు సగం రాలాయి. కొమ్మలకు సన్నటి పొడుగాటి కాయలు జంటలు జంటలుగా వేలాడుతున్నాయి. ఆకు తుంపితే తెల్లటి పాలు వచ్చాయి. ఎదురెదురు ఆకులు, పాలు, జంట కాయలు. మూడూ నా రికార్డు బుక్కుతో సరిపోయాయి. "ఇదే అత్తమ్మా కొడిశపాల," అన్నాను, పరీక్షలో మొదటి ప్రశ్నే వచ్చినదానిలా.

ఆమె చెట్టుకు దండం పెట్టి, చిన్న కత్తితో వేలెడంత బెరడు గీకి నోట్లో వేసుకుంది. నమిలింది. నేను ఆమె మొహం చూస్తున్నాను. మొహంలో ఏ మార్పూ లేదు. కొంగు ముడి విప్పి చప్ప బెరడు నమిలింది.

"రెండూ ఒక్కటే," అంది. "మరి చేదేదే?"

తెలియదని ఆ క్షణాన చెప్పాల్సింది. చిన్న మాటే అది. కానీ పొద్దుటి నుంచి ప్రతి చెట్టుకూ పేరు చెప్పిన నోరు నాది. "పచ్చి బెరడు చేదుండదు అత్తమ్మా," అన్నాను. "కొన్ని చెట్లకు ఎండినా చేదు రాదు. బుక్కులో ఉంది."

"నిజంగ బుక్కులున్నదా?"

"ఉంది."

ఆమె అక్కడే ఒక రాయి మీద కూర్చుంది. "అంటే నేనిచ్చింది మందే."

"మందే."

"గా పిల్లకు తగ్గకపోవుడు నా తప్పు గాదు."

"కాదు."

కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తర్వాత ఆమె నడక మారిపోయింది. ఏడు నెలల నుంచి ఆమె భుజాలు వంగి ఉన్నాయని, అవి తిన్నగా అయ్యాకే నాకు తెలిసింది. గోదావరిలోకి మోకాళ్లదాకా దిగింది. బస్సులో పాడని పాట నీళ్లలో నిలబడి పాడింది. అమ్మాయిలు చప్పట్లు కొడితే పెద్దరికం కూడా గుర్తు రాలేదు. సర్వపిండి తుంపి అందరికీ పెట్టి, తనూ రెండు తిన్నది. ఇంట్లో ఆ నెలల్లో ఆమె సగం రొట్టె తిని లేవడం నేను చూసినదాన్నే. నేను పెద్ద పుణ్యం చేశాననుకున్నాను. అయినా నా సర్వపిండి ముక్కను పక్కనున్న అమ్మాయికి ఇచ్చేశాను.

అప్పుడే దగ్గరి కోయగూడెం నుంచి ఒక ముసలవ్వ బిందెతో నీళ్లకు వచ్చింది. మా అత్తమ్మ ఆమెను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని తినడానికి పెట్టింది. ఇద్దరిదీ ఒకే ఈడు. మాటల్లో మాటగా బెరడు ముక్క తీసి చూపించింది. "కొడిశపాల గీక్కొచ్చుకున్న అవ్వా. నా దుకాణంల గిదే అమ్ముత."

ముసలవ్వ ఆ ముక్కను చూసి పళ్లు లేని నోటితో నవ్వింది. "ఇది అంకుడు. కొడిశ గాదు."

"మా పిల్ల చదువుకున్నది. బుక్కుల కొడిశేనని ఉన్నదంట."

ముసలవ్వ నా వైపు చూసింది. వాదించలేదు. మా అత్తమ్మ చెయ్యి పట్టుకుని లేపింది. ముందు మేం గీకిన చెట్టు దగ్గరికే నడిపించి, కాయల జంటను చూపించింది. పైన ఒకే తొడిమకు పుట్టి, విల్లులా వంగి, కింద కొసల దగ్గర మళ్లీ అతుక్కుని ఉన్నాయవి. తర్వాత ఇరవై అడుగుల అవతల ఇంకో చెట్టు చూపించింది. దానికీ జంట కాయలే. కానీ కొసలు కలవలేదు. దేని దారి దానిదిగా వేలాడుతున్నాయి.

"కొసన కలిస్తే అంకుడు. ఇడిపోతే కొడిశ," అంది. "కాయ సూసుకుంటే తప్పదు. కాయ లేనినాడు మేం గీకం."

ఆ చెట్టు బెరడు గీకి ఇచ్చింది. మా అత్తమ్మ నోట్లో వేసుకుంది. రెండుసార్లు నమిలేసరికే మొహం మొత్తం ముడుచుకుపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చేదుకు వచ్చినవే. కానీ చేదు పోయాక కూడా ఆగలేదు.

నేను అక్కడే చెప్పేశాను. బుక్కులో అలా లేదని, నాకు తెలియదని, నా మాట పోతుందని అన్నానని. ఆ మాటలకు ముసలవ్వ బిందె తీసుకుని నీళ్ల వైపు పోయింది. ఇంటి గొడవ వినకూడదని ఆమెకు తెలిసింది.

మా అత్తమ్మ నన్ను కొట్టినా బాగుండేది. "ఒక్క గంట సేపు నా తప్పు లేదనుకున్న బిడ్డా," అంది మెల్లగా. "గా పోరి మంచంల పండుకున్నది యాదికి రాకుంట రెండు రొట్టెలు తిన్న. మస్తు మంచిగుండె."

నేను ఏడుస్తున్నాను. ఆమె నా గదవ పట్టుకుని పైకెత్తింది.

"ఊకో. బెరడు తెచ్చెటోనికి సిగ్గయితదని నేను కొరకలె. నీకు సిగ్గయితదని నువ్వు చెప్పలె. ఇద్దరం ఒక్క ఇంటోళ్లమే గద." ఆ మాటకు తనే కొంచెం నవ్వింది. "తెల్వదని చెప్తే నోరేం అరిగిపోదు. ఇయ్యాల నాకు తెల్సింది. ఇగ ఏం జేయాలెనో గూడ తెల్సింది."

ఈ పదేళ్లలో నేను ఎన్నో పుస్తకాలు చదివాను. ఇప్పుడు జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతున్నాను. పిల్లలు అడిగినదానికి జవాబు రాకపోతే, "నాకు తెల్వదు, చూసి రేపు చెప్తా," అంటాను. పిల్లలు మొదట్లో నవ్వుకునేవాళ్లు. ఇప్పుడు వాళ్లూ అలాగే అంటున్నారు. నాకు జీతం తెచ్చిపెట్టే చదువు కాలేజీలో వచ్చింది. ఈ ఒక్క మాట మాత్రం గోదావరి ఒడ్డున వచ్చింది, చాలా ఆలస్యంగా కూడా కాదు.

ఆ రోజు ముసలవ్వ నీళ్లు ముంచుకుని వచ్చాక, మా అత్తమ్మ ఆమెతో ఒక ఏర్పాటు చేసుకుంది. గూడెం ఆడవాళ్లు గీకిన బెరడు నేరుగా బస్సు మీద వరంగల్‌కు రావాలి. ప్రతి కట్టకూ ఆ చెట్టు కాయల జంట ఒకటి కట్టి పంపాలి. కాయలు లేని కాలంలో కట్ట పంపొద్దు. "నీ ముంగట కొరికితే ఏమనుకోవు గద అవ్వా?" అని మరీ అడిగింది. ముసలవ్వకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "కొరకకపోతే ఎట్ల తెలుస్తది?" అంది. ఆ రోజుకు ఒక చిన్న కట్ట గీకి ఇచ్చింది. బస్సులో వచ్చేటప్పుడు మా మేడం నేను కోసుకొచ్చిన ఆ రెండు చెట్ల కాయలనూ చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. తాను కూడా అప్పటిదాకా అట్ట మీదే చూశానని, మా అందరి ముందూ ఒప్పుకుంది. ఆ రోజు నుంచి ఆమె మీద నాకు గౌరవం పెరిగింది.

ఇంటికి వచ్చాక అసలు గొడవ. ఆ వానాకాలం ఎవరెవరికి ఆ మూటలోంచి బెరడు ఇచ్చిందో మా అత్తమ్మకు మొహాలతో సహా గుర్తుంది. ఇళ్లకు పోయి చెప్పొస్తానంది. మా నాయన గడపకు అడ్డం నిలబడ్డాడు.

"నీ తప్పు నువ్వే గల్లి గల్లి తిరిగి చెప్పుకుంటవా అక్కా? బజార్ల ఎవడన్న గిట్ల చేసిండా? దుకాణం పేరేమైతది?"

"దుకాణం పేరు పోతే పోని," అంది చెప్పులు తొడుక్కుంటూ. "నా వల్ల మందు పేరు పోవద్దు. కొడిశ పని చెయ్యదని జనమంతా అనుకుంటాండ్రు. చేస్తది. నేనిచ్చింది కొడిశ గాదు. అంతే గద చెప్పుడు."

ఆ ఆదివారం సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. చేతిలో ఒక గుడ్డ సంచి. మొదటి ఇంట్లో మాటలు వెతుక్కుంది. మూడో ఇంటికి వచ్చేసరికి తడబడకుండా చెప్పింది. ఎవరూ తిట్టలేదు. కొందరు అసలు మరిచిపోయారు. ఒక ముసలాయన మాత్రం, "నాకు తగ్గిందే మరి," అని పట్టుబట్టాడు. "మీకు చేదు ముక్కలొచ్చినయ్ కావచ్చు. అదృష్టవంతులు," అని దండం పెట్టి బయటపడింది. ఇక మిగిలింది వెనక గల్లీ.

ఆ గల్లీలో సాయంత్రాలు ఆడవాళ్లంతా అరుగుల మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటారు. మేం పోయేసరికి ఎనిమిది తొమ్మిది మంది ఉన్నారు. మధ్యలో ఆ తల్లి. పక్కన మేక పిల్లను తరుముతూ ఆ మూడేళ్ల పిల్ల. మా అత్తమ్మను చూసి తల్లి చేతులు ఆగాయి, కానీ తల ఎత్తలేదు. నేను సందు మొదట్లోనే నిలబడిపోవాలనుకున్నాను. మా అత్తమ్మ నా చెయ్యి వదల్లేదు.

అరుగు కింద నేల మీద, అందరికంటే కింద కూర్చుంది. "బిడ్డా, నీ పిల్లకు నేనిచ్చింది మందు గాదు. ఏరే చెట్టు. కొరికి సూడకుంట ఇచ్చిన. రెండు పూటల్ల తగ్గకపోతే దవాఖానకు పొమ్మని గూడ చెప్పలె. తప్పు నాది," అంది. ఇంతే. ముందుగా ఇంట్లో అనుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి. అవేవీ రాలేదు.

గల్లీ మొత్తం చేతులు ఆపింది. ఆ తల్లి చాటను ఒళ్లోంచి ముందుకు దించింది. "నేను నా చేతి గుణమనుకున్న అత్తమ్మా," అంది. "కషాయం నేనే మంచిగ కాయలేదనుకున్న. మా అత్త గూడ గట్లనే అన్నది. నీకు మొహం సూపెట్ట శాతగాక అటు తిరిగి పోతాన్న."

ఏడు నెలలు వాళ్లిద్దరూ ఒకే తప్పును చెరో ఇంట్లో మోశారని అప్పుడు తెలిసింది. మా అత్తమ్మ సంచిలోంచి బెరడు కట్ట తీసి, ఒక ముక్క విరిచి తను నమిలింది. మొహం ముడుచుకుపోయింది. ఇంకో ముక్క విరిచి ఆ తల్లి చేతిలో పెట్టి, "సూడు," అంది. ఆమె కొరికి, కళ్లు గట్టిగా మూసుకుని, "అబ్బ, అవ్వో," అని నవ్వేసింది. పక్కామె నాకూ అని చెయ్యి చాచింది. ఆ పక్కామె కూడా. ముక్కలు అరుగు నుంచి అరుగుకు పోయాయి. పిల్ల మేకను వదిలి వచ్చి తల్లి మొహం వైపు వింతగా చూస్తోంది. పొద్దు గూకుతున్న ఆ వెలుగులో, చాటల ముందు వరసగా కూర్చున్న ఆడవాళ్లందరూ, వాళ్ల మధ్య నేల మీద మా అత్తమ్మా, మొహాలు ముడుచుకుని, కళ్లలో నీళ్లతో, ఒకరినొకరు చూసుకుని నవ్వుతూనే ఉన్నారు.